కప్ప దొరికిన ఇల్లు

మా అమ్మ ఎండాకాలంలో ఎవరింటికి పోయినా ముందు చూసేది వాళ్ల స్నానాల బండ. స్నానం చేసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూసి, ఆ ఇల్లాలు ఎలాంటిదో తేల్చి పారేస్తుంది. మా ఇంట్లో బండ మీద ఒక వెడల్పాటి తొట్టి ఉంటుంది. అందులో నిలబడే స్నానం చేయాలి. తొట్టిలో పడ్డ నీళ్లతో బండలు కడుగుతుంది, బండలు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తుంది. చుక్క నీరు గడప దాటి వీధిలోకి పారిందంటే ఆ పూట మాకు అన్నంతో పాటు తిట్లు కూడా వడ్డిస్తుంది. డిగ్రీ చదివేటప్పుడు కర్నూలు హాస్టల్లో మొదటిసారి తొట్టి లేకుండా స్నానం చేసి, ఏదో దొంగతనం చేసినట్టు చుట్టూ చూసుకున్నాను.

మాది కర్నూలుకు పడమట ఒక మండల కేంద్రం. పేరు చెప్పను. చెబితే నేను చెప్పబోయే సారు ఎవరో తెలిసిపోతుంది. ఆయన ఇప్పుడు అప్పటికన్నా పెద్ద కుర్చీలో ఉన్నాడు, నాకేమో ఇంకా ఆ ఊళ్లోనే ఉద్యోగం.

ఆ ఏడు వేసవిలో మా అక్క కాన్పుకు వచ్చింది. తొలి కాన్పు, మగపిల్లవాడు. అంతా సుఖంగా జరిగింది కదా అనుకుంటుండగా రాజంపేట నుంచి అక్క మామగారు ఫోను చేశారు. ఆయనకు తోటలున్నాయి, బోర్లున్నాయి, వాటన్నిటికన్నా ఎక్కువగా నోరుంది. పెళ్లిలో మేం పెట్టిన భోజనాల గురించి ఇప్పటికీ ఏదో ఒక వంక చెబుతూనే ఉంటారు.

"మీకు ఆడ నీళ్లకు ఇబ్బంది గదమ్మా. పురుడు మా ఇంట్లోనే చేసుకుంటాంలే. బిడ్డను, తల్లిని పంపించేయండి" అన్నారాయన.

పురుడంటే మైల తీరే రోజు తల్లీబిడ్డలకు పోసే తలస్నానం. అమ్మ ఫోను పెట్టేసింది. తర్వాత వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ సర్దింది.

"నీళ్లు లేక బిడ్డ పురుడు అత్తగారింట్లో చేయించిందని నన్ను చెప్పుకోవల్లనా? సచ్చినా పంపను. నా బిడ్డకు నా చేతులతో నేనే పోస్తా" అంది.

ఆ మాట వెనక ఒక పాత కథ ఉంది. నేను పుట్టిన ఏడు కూడా కరువే. పురుడు రోజు అమ్మకు తలకు నూనె పెట్టి, ఒళ్లంతా సున్నిపిండి రాసి కూర్చోబెట్టారట. అప్పుడు చూసుకుంటే కాగులో నీళ్లు అడుగంటి ఉన్నాయి. ఉన్నవి బిడ్డకు, అంటే నాకు పోసి, అమ్మను తడిగుడ్డతో తుడిచి లేపేశారట. ఆ జిడ్డు, ఆ పిండి వాసన ఎన్ని రోజులైనా వదల్లేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజే అనుకుందట, నా కూతుళ్లకు మాత్రం జుట్టులో నూనె చుక్క మిగలకుండా పోస్తానని.

అనుకోవడం బాగానే ఉంది కానీ నీళ్లేవి? మా వీధి కొళాయి సంక్రాంతి దాటగానే గాలి తప్ప ఏమీ వదలడం మానేసింది. దిక్కల్లా గవర్నమెంటు ట్యాంకరే. అదీ సరిగ్గా అక్క ఇంటికొచ్చిన వారమే రావడం మానేసింది. డ్రైవరును అడిగితే బండి షెడ్డులో ఉందన్నాడు.

ఆ ట్యాంకర్లన్నీ ఒక సారు చేతి కింద ఉండేవి. ఆయనా మన పల్లెల్లో పుట్టినవాడే, నీళ్ల కష్టం తెలిసినవాడే. తెల్లచొక్కా, పైజేబులో రెండు పెన్నులు. ఏ సభ పెట్టినా మైకు ముందు నిలబడి, నీళ్లు వృథా చేయకూడదమ్మా, ప్రతి చుక్కా బంగారం అని చెప్పేవాడు. చెప్పి, బల్ల మీద ఉన్న సీసా మూత తీసి ఒక గుక్క తాగి, మిగిలింది అక్కడే వదిలేసి పోయేవాడు. ఆ సీసాను మా అమ్మ ఒకసారి ఇంటికి తెచ్చింది.

నేను ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. చదువుకున్నదాన్ని కాబట్టి చదువుకున్నవాళ్లు చేసే పనే చేశాను, అర్జీ పెట్టాను. ఆఫీసులో ఆ సారు నన్ను కూర్చోమని కూడా అన్నాడు. మా అక్క సంగతి, పురుడు సంగతి అంతా విని తల ఊపాడు.

"ఏం చేద్దాం తల్లీ, బోర్లన్నీ ఎండిపాయ. బండ్లు రిపేరి. నా ఇంట్లోనే నీళ్లు లేక మా యమ్మ శానా అవస్థ పడతాండాది" అన్నాడు.

నాకు జాలేసింది. నిజం చెబుతున్నాను, ఆయన మీద నాకు జాలేసింది. ఇంటికొచ్చేలోపు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఖాళీ బిందెల వరుస పక్కన నిలబడి ఆ మెసేజ్ అమ్మకు చదివి వినిపించాను. అమ్మ ఒక బిందె లోపలికి తొంగి చూసి, "ఏదీ, ఈడ పడలేదే" అంది.

అప్పుడు రంగంలోకి దిగింది మా వీధి అవ్వ. ఆమె మాకు చుట్టం కాదు, వీధిలో ఎవరికీ చుట్టం కాదు, అయినా అందరికీ అవ్వే. నోట్లో ఆకు, వక్క, నడుముకు తిత్తి. ఏ ఇంట్లో శుభం జరిగినా ముందు వరసలో ఉంటుంది, ఏ ఇంట్లో పోట్లాట జరిగినా అంతకన్నా ముందు వరసలో ఉంటుంది.

"ఇంగ ఈ అర్జీలు గిర్జీలు పనికి రావు. కప్పతల్లిని తీద్దాం" అంది అవ్వ.

కప్పతల్లి అంటే మా వైపు వానల కోసం చేసే మొక్కుబడి. ఒక కప్పను తడిగుడ్డలో చుట్టి, వేపాకులతో కలిపి రోకలి నడుమ కడతారు. ఇద్దరు ఆడవాళ్లు ఆ రోకలిని భుజాల మీద పెట్టుకుని, పాడుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇల్లాలు కప్ప మీద నీళ్లు పోయాలి. ఎంత పిసినారి అయినా పోయాల్సిందే, కప్పతల్లిని ఎండగా పంపినవాళ్లు మా ఊళ్లో ఇంతవరకూ లేరు.

"అవ్వా, కప్ప మింద నీళ్లు పోస్తే వానెట్ల వస్తాది?" అన్నాను. సైన్సు టీచర్ని కదా, ఊరుకోలేను.

"నువ్వు కాగితం మింద రాస్తే వచ్చిందా పాపా?" అంది అవ్వ.

చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నేనూ బయల్దేరాను.

కానీ అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఊళ్లో కప్ప లేదు. చెరువు నెర్రెలు విచ్చి ఉంది, అందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వాగులో ఇసుక కూడా లేదు, దాన్ని ఇంకెవరో సార్లు అంతకుముందే తీసుకుపోయారు. గుడి వెనక కోనేటి మెట్ల సందుల్లో చూశాం, బస్టాండు హోటలు గిన్నెలు కడిగేచోట చూశాం. ఒక తొండ, రెండు జెర్రులు దొరికాయి. తొండను కడదామా అని ఒకామె అడిగితే అవ్వ ఆమెను చూసిన చూపుకు నేనే వెనక్కి తగ్గాను. వానకోసం మొక్కుకోవడానికి కావలసిన కప్ప దొరకాలంటే ముందు వాన పడాలి. ఈ సంగతి తట్టి నాకు నవ్వాగలేదు. పక్కన అమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను. పురుడు ఇంకెంతో దూరం లేదు. రాజంపేట నుంచి అప్పటికే రెండోసారి ఫోను వచ్చింది, ఈసారి కారు పంపిస్తామని.

మరుసటి రోజు తెల్లవారుతూనే మళ్లీ వెతుకులాట మొదలుపెట్టాం. కొత్తగా కట్టిన ఇళ్ల వైపు, ఎత్తైన ప్రహరీల వెనక సందులో నడుస్తుంటే అవ్వ టక్కున ఆగింది. చేయి పైకెత్తింది. అందరం ఆగాం. చెవులు రిక్కించి వింటే గోడ అవతల నుంచి వినిపించింది, బెకబెకమని. ఒకటి కాదు. ఒకటి మొదలుపెడితే ఇంకొకటి అందుకుంటోంది, ఆషాఢంలో మడి గట్టు మీద ఉన్నట్టు.

"ఇది ఎవరిల్లే?" అంది అవ్వ.

ముందువైపు తిరిగి వెళ్లి చూశాం. ఇనుప గేటు, దాని మీద సారు పేరు, పేరు పక్కన హోదా.

గేటు తట్టితే సారు తల్లి వచ్చింది. మనవాళ్ల లాగే ఉంది, మోచేతి దాకా గాజులు, గోచీకట్టు చీర. పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, కొడుకు వెంట టౌనుకొచ్చి మాట్లాడేవాళ్లు లేక విసిగిపోయి ఉంది. కప్పతల్లి అనగానే ముఖం విప్పారింది.

"రాండమ్మా, రాండి. కప్పలా? శానా ఉండాయి తల్లీ. రాత్రంతా కన్ను మూయనియ్యవు. ఎన్ని గావాలంటే అన్ని పట్టుకోని పోండి" అంది.

ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. ఏం చెప్పను! పచ్చగడ్డి తివాచీ. గడ్డి చివర బనగానపల్లె నుంచి తెప్పించిన మామిడి మొక్కలు, ప్రతి మొక్క మొదట్లో పాదు, ప్రతి పాదులో నిండుగా నీళ్లు. ఆ పాదుల్లో కప్పలు సంసారాలు చేస్తున్నాయి. ఒక మూల బండ కింద పెద్ద సంపు, వెనక గోడకు ఇంకో గేటు, గేటు దగ్గర నేల మీద ట్యాంకరు చక్రాల గుర్తులు. నా కాలి కింద నేల మెత్తగా తగిలింది. ఎన్నో నెలల తర్వాత తడినేల మీద కాలు పెట్టాను. నాకు కోపం తర్వాత వచ్చింది, ముందు ఆ చల్లదనం హాయిగానే ఉంది.

"ఇన్ని నీళ్లు యాడివమ్మా?" అని అడిగింది మా అమ్మ, చాలా మెల్లగా.

"మా వాడే పంపిస్తాడు తల్లీ. పొద్దున, మాపు బండి వచ్చి పోసి పోతాది. ఇన్ని ఎందుకురా నాయనా అంటే ఇనడు. చెట్లంటే వానికి పానం" అంది ఆ తల్లి. ఆమెలో కపటం లేదు. కొడుకు గొప్ప గురించి చెప్పుకుంటోంది, అంతే.

మా అమ్మ వంగి ఒక పాదులోంచి బాగా లావుగా ఉన్న కప్పను పట్టుకుంది. నేను అక్కడికక్కడే అరిచేదాన్నే, అవ్వ నా చేయి గట్టిగా గిల్లింది. ఆ గిల్లుడు మచ్చ చాలా రోజులుంది. కప్పను రోకలికి కట్టేదాకా ఓపిక పట్టి, సారు తల్లి తొలి బిందె పోసి దండం పెట్టేదాకా ఓపిక పట్టి, గేటు దాటాక అవ్వ నా చెవిలో చెప్పింది.

"కప్పను యాడ పట్టినామో ఆడనే ఇడవల్ల పాపా. మాపటికి మళ్లా వస్తాం గదా, అప్పుడు అరుద్దువులే."

ఇక ఊరేగింపు సంగతి చెప్పనక్కర్లేదు. కప్ప ఎవరింట్లో దొరికిందో మాకంటే ముందే ఊరంతా పాకింది. మేం ఒక వీధిలోకి అడుగుపెట్టే సరికే ఆడవాళ్లు గడపల్లో సిద్ధంగా ఉన్నారు. చెంబుడో, గ్లాసుడో కప్ప మీద పోస్తున్నారు, పోసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని మా వెనక నడుస్తున్నారు. ఎండలో ఆ నీళ్లు రోకలి మోసేవాళ్ల భుజాల మీదుగా జారుతుంటే, మోయడానికి నేనంటే నేనని పోటీపడ్డారు. నేనూ మోశాను. సైన్సు సంగతి ఆ రోజుకు పక్కన పెట్టాను.

సాయంత్రం సారు ఇంటి ముందుకు చేరేసరికి వీధంతా బిందెలే. సారు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు, షూ లేసు విప్పుతున్నాడు. తల్లి ఎదురొచ్చి హారతి ఇచ్చింది. మేం కప్పను పాదులో వదిలాం. అది ఒక్క గెంతులో నీళ్లలో మునిగింది, అంత తిరుగుడు తర్వాత దానికీ విశ్రాంతి కావాలి. అప్పుడు అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అమ్మా, పని బాగనే అయింది. ఒగ మాట మిగిలిపాయ. కప్పతల్లిని ఇడిసిన ఇంటి నుంచి ముత్తైదువలు ఒట్టి బిందెతో పోగూడదంట. పోతే ఆ ఇంటికి మంచిది గాదంట" అంది.

అలాంటి ఆచారం మా ఊళ్లో ఎప్పుడూ లేదు. అవ్వ అప్పటికప్పుడు పుట్టించింది. ఆకు నములుతూ, రెప్ప వేయకుండా చెప్పింది.

"అవును తల్లీ, నేనూ చిన్నప్పుడు ఇన్నా" అంది సారు తల్లి. ఎక్కడ వినిందో ఆ దేవుడికే తెలియాలి. వెంటనే సంపు మూత లాగి, "పట్టుకోండమ్మా, నిండుగా పట్టుకోండి" అంది.

సారు ఒక కాలికి షూతో, ఒక కాలికి సాక్సుతో పరుగెత్తుకొచ్చాడు.

"అమా! ఏం చేస్తాండావు? ముట్టగాకండి, ముట్టగాకండి! అవి గవర్నమెంటు నీళ్లు!"

అనేశాడు. అన్న తర్వాత ఆయనకే వినబడింది. అక్కడున్న ఆడవాళ్లందరం కదలకుండా నిలబడ్డాం. కప్పలు కూడా ఆ క్షణాన ఆగాయి.

"గవర్నమెంటు నీళ్లు నీ ఇంట్లో ఏం చేస్తాండాయప్పా?" అంది అవ్వ, చంటిపిల్లాడిని అడిగినంత ముద్దుగా.

సారు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వెనక సందులోంచి హారను మోగింది. అటువైపు గేటు తోసుకుని ట్యాంకరు వెనక భాగం లోపలికి వచ్చింది. షెడ్డులో ఉన్న బండి అదే. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి మమ్మల్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ తల లోపల పెట్టేసుకున్నాడు. బండిని ముందుకు తీద్దామనుకున్నాడు గానీ అప్పటికే మావాళ్లు బిందెలతో బండి ముందుకు చేరి సందు నింపేశారు.

అప్పుడు ఆగలేదు నాకు కోపం. నా ఇంట్లోనే నీళ్లు లేవు తల్లీ అన్న మాట, దానికి నేను పడ్డ జాలి, రెండూ గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఫోను తీసి ఆ మెసేజ్ ఆయన ముఖం ముందు పెట్టాను.

"పరిష్కరించబడిందంట సార్. యాడ పరిష్కరించినారో ఇప్పుడు తెలిసింది" అన్నాను.

సారు తెలివైనవాడు. ఊరికే అంత పైకి రాలేదు. జేబురుమాలుతో ముఖం తుడుచుకునేలోపు దారి వెతుక్కున్నాడు.

"అపార్థం చేసుకోగాకండమ్మా. ఇది స్టోరేజీ పాయింటు. ప్రజల కోసమే ఈడ నిలవ పెడతాండాం. రేపటి నుంచి పంచుదామనుకున్నాం" అన్నాడు.

"రేపటిదాకా ఎందుకప్పా నీకు శ్రమ? అందరూ వచ్చే ఉండారు గదా" అంది అవ్వ. అని, తనే మొదటి బిందె ముంచింది.

అది మొదలు. రోజూ పొద్దున, సాయంత్రం సారు ఇంటి వెనక వరుస కట్టేవాళ్లం. నీళ్లు తోడిచ్చేది సారు తల్లే. ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు ఎలాంటిది, అన్నీ ఆమెకు తెలిసిపోయాయి, మనిషి పదేళ్లు చిన్నదైంది. వరుసలో ఉన్నవాళ్లు పోతూ పోతూ మామిడి మొక్కలకు తలా ఒక చెంబు పోసేవాళ్లు, అవేం పాపం చేశాయని. సారు మాత్రం ఆ వేళలకు ఇంట్లో ఉండడం మానేశాడు. పై అధికారులెవరో వచ్చి చూసి, స్టోరేజీ పాయింటు ఆలోచన బాగుందని ఆయన్ని మెచ్చుకుని పోయారని తర్వాత తెలిసింది. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు. వాన సంగతి అడగకండి. అది ఆ ఏడు రావలసినప్పుడు కూడా రాలేదు. కప్ప చేయగలిగింది కప్ప చేసింది.

పురుడు రోజు రాజంపేట వాళ్లు కారు దిగారు. అక్క మామగారు దిగుతూనే డిక్కీ తెరిపించారు. అందులో నీళ్ల క్యాన్లు, ఒకదాని మీద ఒకటి. "మీకు ఇబ్బంది గాకూడదని తెచ్చినాం" అన్నారు. అమ్మ వాటివైపు చూసి, "ప్రయాణంలో దప్పికయితాది, మీరే తాగండన్నా" అని లోపలికి వెళ్లింది.

పెరట్లో బండ పక్కన గంగాళం పొంగుతోంది, దాని చుట్టూ నిండు బిందెలు. అక్కను పీట మీద కూర్చోబెట్టే ముందు అమ్మ ఆ తొట్టిని పట్టుకుని ఈడ్చి గోడకు ఆనించింది. నా జీవితంలో ఆ బండను తొట్టి లేకుండా చూడడం అదే మొదలు. నేను తెల్లబోయాను.

"అమా, నీళ్లు వీధిలోకి పోతాయి" అన్నాను.

"పోనీలేమ్మే" అంది అమ్మ.

పోసింది. చెంబు తర్వాత చెంబు, బిందె తర్వాత బిందె. అక్క జుట్టు పాయలు పాయలుగా విడదీసి, నూనె వాసన పోయిందో లేదో ముక్కు పెట్టి చూసి మళ్లీ పోసింది. అక్క చాలమ్మా, చాలమ్మా అంటూ నవ్వుతోంది, అమ్మ నవ్వడం లేదు, ఏడుస్తోంది. సున్నిపిండి కలిసిన నీళ్లు బండ దిగి, పెరడు దాటి, గడప పక్క తూము గుండా వీధిలోకి పారాయి.

సరిగ్గా అప్పుడే సారు వచ్చాడు. ముందురోజు అమ్మే కుంకుమ పట్టుకుపోయి వాళ్లమ్మను పిలిచింది, ఆమె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె ఆ నీళ్లను దాటి లోపలికి వచ్చేసింది. సారు పారే నీళ్ల అవతల ఆగిపోయాడు, కొత్త చెప్పులు. ఆ నీళ్లను చూసి, అలవాటు మనిషి కదా, ఆయన నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"నీళ్లు వృథా చేయకూడదమ్మా."

అమ్మ చెంబు చేత్తోనే గడపలోకి వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన్ని చూసింది. నేను అవ్వ వైపు చూశాను, అవ్వ నమలడం ఆపేసింది.

"నా పురుటికి ఒగ చెంబు నీళ్లు దొరకలేదు సారూ. నా బిడ్డ పురుటికి పారతాండాయి. చూసి పోండి" అంది అమ్మ.

ఆయన వంగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ప్యాంటు పైకి మడిచి, ఆ నీళ్లలోంచే నడిచి లోపలికి వచ్చాడు. అమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది.

"ఇంగో బిందె తేమ్మే, వెనక పక్క జుట్టు ఇంగా తడవలేదు" అంది నాతో.